పాత ధరలు, పెరగని పింఛను

ప్రశ్న:

నమస్కారం. నా వయసు 71, బీపీ ఉంది. అనంతపురంలో ఉంటాము. 1979లో ఆర్టీసీలో డ్రైవరుగా చేరి 2012లో రిటైరైనాను. ఎక్కువ కాలం బళ్ళారి రూటులోనే తిరిగినాను. మా నాయనకు ఉరవకొండ వైపు మెట్ట పొలం ఉండె. కూతురికి పెళ్ళయింది. నేనూ మా ఇంటామె కొడుకు, కోడలు, ఇద్దరు మనవళ్ళతో ఉంటాము. ఇల్లు నా పీఎఫ్ డబ్బుతో కట్టిందే. కొడుక్కి ప్రైవేటు కంపెనీలో 32 వేలు జీతం.

నా సమస్య ఏమంటే, ఏ సరుకు ఇంట్లోకి వచ్చినా దాని పాత ధర నా నోట్లోంచి వచ్చేస్తుంది. నెలకు ఆరు నూనె ప్యాకెట్లు వస్తాయి, అవి చూస్తే "కిలో పదహారు రూపాయలకు తెచ్చినాను" అంటాను. పెట్రోలు మాట వస్తే ఆరు రూపాయల చిల్లర అంటాను. నేను చెప్పేది అబద్ధం కాదు. అయినా కొడుకు "మళ్ళా మొదలుపెట్నావా నాయనా" అంటాడు. మనవళ్ళు నవ్వుతారు. కోడలు మంచి పిల్లే, కానీ ఈ మధ్య సరుకుల బిల్లు నాకు కనపడకుండా మడిచి పోపుల డబ్బాలో పెడతాంది. అది చూసి నా మనసు చాలా బాధపడింది. నేనేమైనా ఆమెను లెక్క అడిగినానా?

ఉద్యోగంలో చేరినప్పటి నుంచి ఇంటి ఖర్చు డైరీల్లో రాసుకున్నాను. అన్నీ అటక మీద ఉన్నాయి. వాటిని పాత పేపర్లవాడికి వేసేద్దాం అంటున్నారు. 1984 నవంబరు పేజీ ఫోటో తీసి పంపుతున్నాను. అప్పుడూ ఇంట్లో ఆరుమందిమి, ఇప్పుడూ ఆరుమందిమి. చూసి చెప్పండి, ఆ కాలమే బాగుండె కదా? బళ్ళారిలో కొట్టించుకుంటే పెట్రోలు లీటరుకు ఆరు రూపాయలు తక్కువ పడుతుంది అంటాడు మావాడు, ఇదెక్కడి న్యాయం? నాకు వచ్చే పింఛను 2,140 రూపాయలు. పక్కింటి ముసలామెకు నెల నెలా నాలుగు వేలు ఇంటికే వచ్చి ఇస్తున్నారు. నేను నోరు మూసుకొని ఉండాల్నా?

సమాధానం:

నమస్కారమండీ. మీ ఉత్తరం ఒకసారి చదివాను, మీరు పంపిన డైరీ పేజీ మాత్రం చాలాసార్లు చూశాను. మీ ప్రశ్నకు సగం జవాబు అందులోనే ఉంది. కాబట్టి ముందు ఆ పేజీ గురించే మాట్లాడుకుందాం.

పైన "జీతం చేతికి 870" అని రాశారు. కింద ఇంటి బాడుగ 110. బియ్యం 40 కిలోలు 152. జొన్నలు 20 కిలోలు 36. కందిపప్పు మూడు కిలోలు 20. చెనిక్కాయ (వేరుశనగ) నూనె రెండు కిలోలు 32. కంట్రోలు చక్కెర రెండు కిలోలు 8. ఇంతవరకు చదివితే ఎవరైనా మీ మాటే నిజమంటారు. ఇప్పుడు 32 రూపాయలకు చిన్న షాంపూ సీసా కూడా రాదు.

కానీ మీరు పంపింది పేజీ మొత్తం కదా. కిరసనాయిలు అని రాసి, ఎదురుగా "స్టాకు లేదు" అని రాశారు. నాలుగు గీతల కింద మళ్ళీ కిరసనాయిలు, మళ్ళీ "లేదు". ఆ తర్వాత ఎప్పుడో ఐదు లీటర్లు దొరికింది, 11 రూపాయలు. కట్టెలు వేరే పద్దు. "అంగడి బాకీ కట్టింది 85" అని ఉంది, అంటే అక్టోబరు సరుకులకు నవంబరు జీతం పోయింది. "ఊరికి మనియార్డరు 150" అని ఉంది. చివర్లో, 27వ తేదీ పక్కన, మిగతా అక్షరాల కన్నా చిన్నగా "చేబదులు 50" అని రాసుకున్నారు. అది రాసేటప్పుడు మీకు ఎలా ఉండిందో నాకు తెలియదు గానీ, ఆ అక్షరాలు చిన్నవైన తీరు చూస్తే మనసు చివుక్కుమంది.

సరుకు చవక అయిన కాలంలో, ఆర్టీసీ డ్రైవరు ఉద్యోగం ఉన్న ఇంట్లో, నెలాఖరుకు యాభై రూపాయలు చేబదులు ఎందుకు తేవాల్సి వచ్చింది? ధర ఒక్కటే చూస్తే దీనికి సమాధానం దొరకదు. దాని పక్కన జీతం పెట్టి చూడాలి.

మీ లెక్కనే తీసుకుందాం. 870 రూపాయలకు ఆ రోజు 54 కిలోల నూనె వచ్చేది. ఈ రోజు అదే 54 కిలోల చెనిక్కాయ నూనె కొనాలంటే, కిలో 190 వేసుకున్నా, పది వేల మూడొందలు కావాలి. మీ బియ్యం కిలో మూడు రూపాయల ఎనభై పైసలు పడింది, అంటే 870కి 229 కిలోలు. ఇప్పుడు కిలో 55 లెక్కన అదే బియ్యానికి పన్నెండున్నర వేలు. పెట్రోలు ఆరు రూపాయల చిల్లర అన్నారు, అంటే 138 లీటర్లు, ఇప్పటి 109 లెక్కన పదిహేను వేలు. మొత్తం మీద మీ 870 రూపాయలు ఇప్పటి పది పదిహేను వేలతో సమానం. ఆ డబ్బుతో ఆరుమందిని సాకి, ఊరికి మనియార్డరు పంపి, బాడుగ కట్టారు మీరు. మీ అబ్బాయి జీతం దానికి రెండింతల పైనే. కాబట్టి ఆ కాలమే బాగుండె కదా అన్న ప్రశ్నకు నా జవాబు: నూనె, బియ్యం, పెట్రోలు వరకు చూస్తే, కాదు.

పైగా మీది నెల జీతం. కూలికి పోయేవాళ్ళ సంగతి చూడండి. ఆ రోజుల్లో మన జిల్లాలో చెనిక్కాయ చేలో పనికి పోయే ఆడమనిషికి రోజు కూలి ఐదారు రూపాయలు. కిలో నూనె కొనాలంటే మూడు రోజుల కూలి. అందుకే చేతి గుడ్డకు నూనె అద్ది దోసె పెనం తుడిచేవాళ్ళు. కిలో బియ్యానికి సగం రోజు కూలి పైనే పోయేది. వరి అన్నం పండగకే, మిగతా రోజులు సంకటి, కొర్రన్నం. ఉపాధి హామీ పథకం మన జిల్లాలోనే, నార్పల మండలం బండ్లపల్లిలో, 2006 ఫిబ్రవరి 2న మొదలైంది కదా, అప్పుడు రోజు కూలి 80 రూపాయలు. 2025-26కి అది 307. ఈ కూలిలో కిలో నూనె కొన్నాక ఇంకా వంద పైన మిగులుతుంది. పని దొరికిన రోజుకే ఈ లెక్క, నిజమే. కానీ పని దొరికిన రోజు కూడా నూనె కొనలేని కాలం ఒకటి ఉండేది, దాన్ని మరిచిపోయి చవక అనకూడదు. ఇంకో చిత్రం చూడండి, గతిలేక తిన్న ఆ కొర్ర బియ్యం ఇప్పుడు సోనా మసూరి కన్నా ఖరీదు.

రెండు రూపాయలకు కిలో బియ్యం 1983లో వచ్చింది. దాని కోసం జనం ఎంత ఆశగా నిలబడ్డారో మీ వయసు వాళ్ళకు గుర్తుండాలి. బయట బియ్యం నిజంగా చవకై ఉంటే ఆ పథకం అంత పెద్ద మాట అయ్యేది కాదు. మీ జీతానికి కార్డు రాలేదేమో, మీరు బయటే కొన్నారు. జొన్నలు 20 కిలోలు కలుపుకున్నది రుచి కోసమా, బియ్యం చాలకనా అన్నది మీకే తెలుసు.

ఆ 150 రూపాయల మనియార్డరు గురించి కూడా ఒక మాట. ఉరవకొండ వైపు మీ నాయన గారికి మెట్ట పొలం ఉండేదని ఉత్తరంలో రాశారు. చెనిక్కాయ పండించే రైతుకు, నూనె చవకగా కొంటున్న కొడుకు నెల నెలా డబ్బు పంపాల్సి వచ్చింది. వానలు లేకపోవడం ఒక కారణం కావచ్చు. కానీ పంట వచ్చిన ఏడాది కూడా రైతు చేతికి వచ్చిన ధర ఇల్లు గడవడానికి చాలేది కాదు. తర్వాత 1994లో పామాయిలు దిగుమతికి తలుపులు తెరిచారు. పట్నంలో నూనె ధర అదుపులోకి వచ్చింది, మన జిల్లాలో కాయలు వేసినవాడికి మాత్రం గిట్టుబాటు ఇంకా తగ్గింది. వానలు మొహం చాటేయడం, అప్పులు, బోర్లు ఎండిపోవడం, వీటికి ఆ ధర కూడా తోడై ఎన్ని ఇళ్ళు ఆరిపోయాయో మీరు బస్సు అద్దంలోంచే చూసి ఉంటారు. వంటింట్లో చవక అంటే, చాలాసార్లు పొలంలో ఎవరో నష్టపోయారని. ఈ సంగతి తెలిసిన ఇంట్లోనే మీరు పుట్టారు, అందుకే ఇంత విడమరిచి చెబుతున్నాను.

పెట్రోలు విషయంలో మీ కోపం న్యాయమైనదే. పెట్రోలు, డీజిల్ జీఎస్టీలో లేవు. కేంద్రం ఎక్సైజు సుంకం వేస్తుంది, దాని మీద రాష్ట్రం వ్యాట్ వేస్తుంది. మన రాష్ట్రంలో పెట్రోలు మీద వ్యాట్ 31 శాతం, అది చాలదన్నట్టు లీటరుకు నాలుగు రూపాయలు, ఆపైన రోడ్డు సెస్సు ఒక రూపాయి. కర్ణాటకలో అంత లేదు. విడపనకల్లు దాటి గీత అవతలికి పోగానే ధర తగ్గడానికి కారణం అదే. 2020లో కరోనా దెబ్బకు క్రూడాయిలు ధర కుప్పకూలితే, ఆ లాభం బంకు దాకా రాలేదు. మార్చిలో ఒకసారి, మేలో ఒకసారి ఎక్సైజు పెంచారు. మే నెలలో పెంచిందే పెట్రోలు మీద పది, డీజిల్ మీద పదమూడు రూపాయలు. మరుసటి ఏడాది పెట్రోలు వంద దాటింది. 2021 నవంబరులో, 2022 మేలో రెండు విడతలుగా ఆ పెంపును తీసేశారు గానీ, అప్పటిదాకా జనం కట్టింది కట్టిందే. స్టీరింగు పట్టి బతికిన మనిషికి ఇది మంట పుట్టించడంలో తప్పేమీ లేదు. అయితే మీ అబ్బాయి పెట్రోలు కోసమే పనిగట్టుకుని బళ్ళారి పోతే మాత్రం లాభం లేదు, పని మీద పోయినప్పుడు కొట్టించుకుంటే సరే.

నిజంగా పెరిగినవి వేరే ఉన్నాయి. మీ పేజీలో పిల్లల ఫీజు ఆరు రూపాయలని ఉంది. మనవళ్ళ ఫీజు ఎంతో ఒకసారి అబ్బాయిని అడగండి, నిదానంగా వినండి. ఆసుపత్రి, స్థలం, పిల్లల చదువు, ఇవి మీ కాలంతో పోలిస్తే జీతాల కన్నా చాలా వేగంగా పరుగెత్తాయి. దేశం మొత్తం మీద 1999-2000లో పల్లె కుటుంబం వంద రూపాయలు ఖర్చు పెడితే అందులో 59 తిండికే పోయేవి. 2022-23 సర్వేలో అది 46కి తగ్గింది. పట్నాల్లో 39. అంటే మీ కొడుకు కోడళ్ళ టెన్షను నూనె ప్యాకెట్ దగ్గర లేదు. మీరు నూనె ప్యాకెట్ దగ్గర నిలబడి మాట్లాడుతుంటే, వాళ్ళు వేరే చోట భారం మోస్తున్నారు. మీ మాట వాళ్ళకు తగలకపోవడానికి అదొక కారణం.

ఇక అసలు సంగతికి వస్తాను. మీ ఉత్తరంలో మీరు ఒక్క వాక్యంలో చెప్పి వదిలేసింది అదే: పింఛను 2,140 రూపాయలు.

2012లో మీకు ఆ పింఛను మొదలైనప్పుడు సోనా మసూరి కిలో 34 రూపాయలు వేసుకున్నా, ఆ డబ్బుకు 63 కిలోల బియ్యం వచ్చేవి. ఇప్పుడు 39 కిలోలు. పింఛను తగ్గలేదు, రూపాయి కూడా తగ్గలేదు, కానీ మీ చేతిలోంచి నెలకు 24 కిలోల బియ్యం జారిపోయాయి. ఎవరూ లాక్కోలేదు, ఎవరినీ అడగడానికి లేదు. ఇది ఈపీఎస్-95, అంటే పీఎఫ్ సంస్థ ఇచ్చే ఉద్యోగుల పింఛను. 1995 నవంబరులో వచ్చిన పథకం. మీ అసలు జీతం ఎంతున్నా, మీరు రిటైరైన నాటికి 6,500 దాకానే లెక్కలోకి తీసుకునేవాళ్ళు, దాన్ని 1995 నవంబరు తర్వాతి సర్వీసుతో హెచ్చించి 70తో భాగించేవాళ్ళు, అంతకు ముందు సర్వీసుకు కొద్ది మొత్తం విడిగా కలిపేవాళ్ళు. దీనికి కరువు భత్యం (డీఏ) లేదు. ప్రభుత్వ పింఛనుదారుకు ధరలతో పాటు డీఏ పెరుగుతుంది. మీకు మొదటి నెల ఎంతో చివరి నెలా అంతే. 2014లో కనీస పింఛను వెయ్యి చేశారు, అంతకు మించి వస్తున్న మీకు దానితో ఒరిగిందేమీ లేదు. 2020 జనవరి 1న ఆర్టీసీ ఉద్యోగులను ప్రభుత్వంలో కలిపే నాటికి మీరు బయటికి వచ్చి ఏళ్ళయింది. ముప్పై మూడేళ్ళు బండి నడిపిన మీకు, పక్కింటావిడకు వచ్చే నాలుగు వేలలో సగం కాస్త పైన. ఆవిడకు రావడం న్యాయమే, ఆవిడ మీద మీకు కోపం లేదని కూడా మీ రాతలో కనబడుతోంది. మీకు రానిదే అన్యాయం.

అందుకే అంటున్నాను, మీరు అబద్ధం చెప్పడం లేదు. జీతం పెరిగే మీ అబ్బాయికి 1984 ధర ఒక కథ. పింఛను కదలని మీకు ప్రతి కొత్త ధరా చేతిలోంచి పోయే డబ్బే. ఇద్దరూ ఒకే నూనె ప్యాకెట్ చూస్తున్నారు, ఇద్దరికీ వేరే ధర కనబడుతోంది. కాకపోతే మీరు చెప్పాల్సినది ఒకటి, చెబుతున్నది ఒకటి. "పదహారు రూపాయలకు తెచ్చినాను" అంటే కోడలికి వినపడేది "నువ్వు దుబారా చేస్తున్నావు" అని. మీరు లెక్క అడగలేదు, నేను నమ్ముతాను. కానీ సంచి కింద పెట్టీ పెట్టకముందే ధర మాట వస్తే, సంచి మోసుకొచ్చిన మనిషికి అది లెక్క అడిగినట్టే ఉంటుంది. బిల్లు డబ్బాలో పెట్టడం మీ మీద గౌరవం లేక కాదు, మాట రాకూడదనే. ఆ బిల్లు చూపించమని ఎప్పుడూ అడగకండి, దాని ఊసే ఎత్తకండి.

నోరు మూసుకొని ఉండమని నేను చెప్పను. వేరే మాట చెప్పమంటాను, అదీ కొడుకుతో, ఇద్దరే ఉన్నప్పుడు. ఇలా మొదలుపెట్టొచ్చు: "నాయనా, నాకు వచ్చే పింఛను నేను రిటైరైనప్పటి నుంచి ఒక్క రూపాయి పెరగలేదు. మాత్రలకు, మీ అమ్మ గుడి ఖర్చులకు చాలడం లేదు. ప్రతిదానికీ నిన్ను అడగాలంటే నాకు కష్టంగా ఉంటాంది." ఇంతే. ధరలు వద్దు, 1984 వద్దు. అతను మీ డైరీలను నవ్వి తోసేయొచ్చు గానీ ఈ మాటను తోసేయలేడు.

తర్వాత ఏం అడగాలో కూడా చెబుతాను, ఎందుకంటే ఇక్కడే పెద్దవాళ్ళు ఆగిపోతారు. నెల నెలా ఒకటో తేదీన మీ ఖాతాలో ఇంత అని వేయమనండి. అడిగినప్పుడల్లా జేబులోంచి తీసి ఇచ్చేది వద్దు. మొత్తం చిన్నదైనా పరవాలేదు, రెండు వేలతో మొదలుపెట్టినా చాలు, కానీ తేదీ తప్పకూడదు. ఏటా ఉగాదికి అందులో కొంత పెంచమనండి. ప్రభుత్వం మీకు ఇవ్వని డీఏ ఇంట్లోంచి వస్తుంది. ఇది దేహీ అనడం కాదు. మీ పీఎఫ్ డబ్బుతో కట్టిన ఇంట్లో వాళ్ళు ఉంటున్నారు. అనంతపురంలో ఆరుమంది పట్టే ఇంటికి ఇప్పుడు బాడుగ ఎంతో మీ అబ్బాయికి బాగా తెలుసు. ఆ మాట మీరు నోటితో అనకండి, అంటే చెడిపోతుంది. మీ మనసులో మాత్రం ఉంచుకోండి, అడిగేటప్పుడు తల దించుకోకుండా ఉండటానికి.

ఇంకొకటి, ఇంటి ఖర్చులో ఒక పద్దు మీ చేతిలోకి తీసుకోండి. నా సలహా కూరగాయలు. రైతు బజారు 1999 నుంచి ఉంది, ధరల బోర్డు రాసి పెడతారు, పొద్దున్నే పోతే మంచి సరుకు దొరుకుతుంది. కోడలితో "ఈ నెల నుంచి కూరగాయలు నేను తెస్తానమ్మా, ఏమేమి కావాలో రాసివ్వు" అనండి. ఆమె రాసిచ్చిందే తేవాలి, సొరకాయ చవకగా ఉందని మూడు తెచ్చి పెట్టకూడదు. మీకు ధరలంటే ఆసక్తి, జ్ఞాపకం రెండూ ఉన్నాయి. అవి నలభై ఏళ్ళ కిందటి నూనె మీద కన్నా ఈ వారం టమోటా మీద పెడితే ఇంటికి పనికొస్తాయి. టమోటా ధర ఎలా ఆడుతుందో మీకు చెప్పక్కర్లేదు. 2023 జులైలో కిలో వంద దాటిపోయింది. అదే టమోటాను అడిగేవాడు లేక పత్తికొండ రైతులు రోడ్డు మీద పారబోసిన రోజులూ చూశాం. ఏ రోజు ఎక్కువ తేవాలో, ఏ రోజు పావు కిలోతో సరిపెట్టాలో చెప్పగల మనిషి ఇంట్లో ఉంటే కోడలికి అదొక సాయం. నడక కూడా అవుతుంది.

నూనె గురించి చిన్న మాట. మీ పేజీలో ఆరుమందికి రెండు కిలోలు. ఇప్పుడు ఆరు ప్యాకెట్లు వస్తున్నాయని రాశారు. ఇది ధర విషయం కాదు, ఒంటి విషయం. దీన్ని మీరు కోడలితో అనకండి. మీకు బీపీ ఉందన్నారు కదా, డాక్టరు దగ్గరికి పోయేటప్పుడు అబ్బాయిని వెంట తీసుకుపోండి, ఆ మాట డాక్టరే చెబుతాడు. అదే రోజు, మీరు వాడే మాత్రలు జన ఔషధి అంగట్లో దొరుకుతాయేమో చీటీ పట్టుకుపోయి అడగండి. బీపీ, షుగరు మాత్రలు అక్కడ బాగా తక్కువకు వస్తాయి. 2,140 రూపాయల మనిషికి అది పెద్ద తేడా. మీకు 70 దాటింది కాబట్టి ఆయుష్మాన్ భారత్ కార్డుకు కూడా అర్హులు. ఆదాయంతో పని లేదు, ఏడాదికి ఐదు లక్షల దాకా ఆసుపత్రి వైద్యానికి పనికొస్తుంది. ఇప్పటికే వేరే ప్రభుత్వ వైద్య పథకంలో ఉంటే రెండింటిలో ఏది ఉంచుకోవాలో అడిగి తెలుసుకోండి.

మీ ఇంటామె ఎక్కడికైనా పోవాలంటే, 2025 ఆగస్టు 15 నుంచి మన రాష్ట్రంలో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్ళకు ప్రయాణం ఉచితం. కూతురు మన రాష్ట్రంలోనే ఉంటే ఆమె ఇంటికి సున్నా టికెట్‌తో పోవచ్చు, మీరు నడిపిన బళ్ళారి రూటు లాంటి వేరే రాష్ట్రం బస్సులకు మాత్రం ఇది వర్తించదు. పాత ధరలు చెప్పేటప్పుడు దీన్ని కూడా కలిపి చెప్పండి.

డైరీలు అమ్మొద్దు. ఎట్టి పరిస్థితిలోనూ అమ్మొద్దు. కిలో పది పదిహేను రూపాయలకు పోయే కాగితం కాదది. అనంతపురంలో ఒక ఇల్లు ముప్పై ఏళ్ళకు పైగా ఏం తిన్నదో, ఎవరికి బాకీ పడిందో, కిరసనాయిలు కోసం ఎన్నిసార్లు ఊరికే తిరిగొచ్చిందో ఇంత నిజాయితీగా రాసిపెట్టిన మనుషులు తక్కువ. అటక మీద చెద పడుతుంది, ఒక ఇనుప ట్రంకులో వేపాకు వేసి పెట్టండి. మనవళ్ళు నవ్వుతారంటే వాళ్ళకు ధర ఒక్కటే వినిపించారు కాబట్టి. వాళ్ళకు ఒక పేజీ ఇచ్చి, "ఈ నెల మీ తాత జీతంతో ఇల్లు నడపండి చూద్దాం" అనండి. 27వ తేదీ దగ్గరికి వచ్చేసరికి వాళ్ళే అడుగుతారు చేబదులు అంటే ఏమిటని. అది చెప్పండి. ఎవరి దగ్గర తెచ్చారో, ఎలా అడిగారో, ఎప్పుడు తీర్చారో. పదహారు రూపాయల నూనె కన్నా వాళ్ళకు అది బాగా గుర్తుంటుంది.

కొడుకుతో మాట్లాడే రోజు మాత్రం 1984 డైరీ కాదు, 2012ది కిందికి దించండి. మొదటి పింఛను పడిన నెల మీరు ఎంత రాసుకున్నారో చూపించి, దాని పక్కన ఈ నెల బ్యాంకు పాసుపుస్తకం పెట్టండి.

మీరు అడగకపోయినా ఇంకొకటి చెప్పాలి. లైఫ్ సర్టిఫికెట్ నవంబరులోనే ఇవ్వాలని లేదు, ఏ నెలలో ఇచ్చినా ఇచ్చిన రోజు నుంచి ఏడాది పాటు చెల్లుతుంది. ఎండల్లో, వానల్లో పరుగులు పెట్టకుండా మీకు వీలైనప్పుడు ఇవ్వండి. మీ తర్వాత ఈ పింఛనులో సగం మీ ఇంటామెకు వస్తుంది. పింఛను పేమెంట్ ఆర్డరులో ఆమె పేరు, పుట్టిన తేదీ ఆధార్‌లో ఉన్నట్టే ఉన్నాయా అని ఈ వారమే చూసుకోండి. తేడా ఉంటే మీరు ఉండగా దిద్దించడం సులువు, తర్వాత ఆమె ఒక్కతే ఆఫీసుల చుట్టూ తిరగాలి.